పాచికలు ఎవరివి?

1

జూదాన్ని గురించి, పందేలను గురించి మన సాహిత్యంలో నీతులకు కొదవ లేదు. కాని ఆ నీతులు చాలా మటుకు ఆడినవాడికి చెప్పినవి. ఆడించినవాడికి చెప్పినవి కావాలంటే వెతుక్కోవాలి. ఈ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించవలసిన అవసరం నాకు ఒక కుర్రవాడి మూలాన కలిగింది.

మాది దేవనకొండ ప్రాంతం. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండలకు నడుమ వానను నమ్ముకుని బతికే నేల. వాన మొహం చాటేసిన ఏడు జనం ఇళ్ళకు తాళాలు వేసి, గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్ని మా వాళ్ళు సుగ్గికి పోవటం అంటారు. ముసలివాళ్ళూ, చదువుకునే పిల్లలూ ఊళ్ళో మిగులుతారు. అలా మిగిలినవాడొకడు నా దగ్గర డిగ్రీ చదువుతున్నాడు. సాయంత్రమైతే స్నేహితులతో కలిసి గుడి అరుగు మీద ఫోనులో తుపాకుల ఆట ఆడుతాడు.

రెండేళ్ళ కిందట ఒక ఆట కంపెనీ తన కొత్త ఆటకు ప్రచారంగా ఒక పోటీ పెట్టింది. కంపెనీ పేరు మనకు అనవసరం. ప్రవేశ రుసుము లేదు. ఆటను ఫోనులోకి దింపుకోవాలి, రోజూ ఆడాలి, తన కోడుతో ఇతరులను చేర్పించాలి. చేరిన ప్రతి మనిషికీ ఇన్ని పాయింట్లు. మొదటి పదిమందికి ఖరీదైన ఫోన్లు, తరువాతి వంద మందికి ఆటలో చెల్లుబాటయ్యే వజ్రాలు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో నిజమైన వజ్రాల కోసం వంగి వెతికే జనాన్ని చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ వజ్రాలు మరీ అసాధ్యంగా తోచకపోవటంలో వింత లేదు.

మావాడు నెల్లాళ్ళు కష్టపడ్డాడు. సుగ్గికి పోయిన అమ్మా నాన్నలకు ఫోను చేసి, వాళ్ళ గుంపులోని కూలివాళ్ళను చేర్పించాడు. ఊళ్ళో మిగిలినవాళ్ళను చేర్పించాడు. అయిదారు ఇళ్ళకు ఒక మంచి ఫోను ఉండే చోట అదే ఫోనులో ఒకరి తరువాత ఒకరిని చేర్పించాడు. చివరి వారానికి పట్టికలో నాలుగో స్థానంలో ఉన్నాడు. గడువు ముగిసిన రాత్రి పట్టిక మాయమైంది. నాలుగు రోజుల తరువాత కొత్త పట్టిక వచ్చింది. అందులో వాడి పేరు లేదు. గెలిచినవాళ్ళ పేర్లలోనూ సగం అక్షరాలకు బదులు చుక్కలున్నవి. వీడికి ఒక వాక్యం సమాధానం వచ్చింది: మీ ఖాతాలో అనుమానించదగిన ప్రవర్తన కనిపించింది గనక తొలగించాము. ఏమిటా ప్రవర్తన అని అడిగితే జవాబు లేదు.

ఊళ్ళో అభిప్రాయాలు మూడు రకాలుగా చీలినవి. వీడేదో మోసం చేసివుంటాడని కొందరు. వీడి మూలాన మన ఊరి పిల్లలందరి పేర్లూ చెడినవని కొందరు. పట్నం కుర్రాళ్ళు యంత్రాలతో దొంగ ఖాతాలు పుట్టించి గెలిచారని ఇంకొందరు. మూడు అభిప్రాయాలలోనూ ముద్దాయి ఆటగాడే. కంపెనీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎవరినో అనటమెందుకు? వాడు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న కూడా, "నువ్వేం చేశావురా?" అన్నదే.

"నేనేం చేసినా సార్? వాళ్ళు రాసింది రాసినట్లే చేసినా" అన్నాడు వాడు.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదలలేదు. విద్యాధికుణ్ణి, చరిత్ర దృష్టితో చూడాలని క్లాసులో చెప్పేవాణ్ణి, నేను కూడా నేరం మోపటానికి మొదట ఆటగాడి వైపే ఎందుకు చూశాను? ఈ అలవాటుకు ఒక చరిత్ర ఉన్నది. దాన్ని కొంత తడిమి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

2

ముందు మా ప్రాంతంలో అందరూ ఎరిగిన ఒక పోటీతో మొదలుపెడతాను. తిరునాళ్ళలో ఎద్దుల చేత బండ లాగిస్తారు. ఎద్దులను పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు: పాల పళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. నోరు తెరిచి చూపించాలి. ఏ జత ముందు దిగాలో చీటీలు తీసి నిర్ణయిస్తారు. ఇన్ని నిమిషాలని కాలం పెడతారు. ఆ కాలంలో బండ ఎంత దూరం కదిలిందో టేపుతో అడుగులు లెక్కపెట్టి, మైకులో చెబుతారు. మొదటి బహుమతి ఎంత, ఇచ్చిన దాత ఎవరు అన్నది ముందే కరపత్రంలో ఉంటుంది.

ఇక్కడ తగాదాలు రావని కాదు, బ్రహ్మాండంగా వస్తవి. కాని ఆ తగాదా దేన్ని గురించి? టేపు సరిగా పట్టలేదని, గడియారం ముందే ఆపారని, ఫలానా ఎద్దు ఆరు పళ్ళదని. అంటే తగాదా కంటికి కనిపించేదాన్ని గురించి. ఓడిన రైతు వెళ్ళి ఆ టేపు తానే పట్టి కొలవవచ్చు. న్యాయం జరిగిందా లేదా అన్నది తేల్చుకునే సాధనం నిర్వాహకుడి జేబులో లేదు, నేలమీద ఉన్నది. ఈ పోటీని నేను ఆకాశానికి ఎత్తటం లేదు. మూగజీవాలకు అది బాధే. నాకు కావలసింది అందులోని ఒక్క లక్షణం: కొలబద్ద బహిరంగంగా ఉండటం.

ఇప్పుడు భారతానికి వద్దాం. సభాపర్వంలో దుర్యోధనుడు పందెం సొత్తు నాది, నా తరఫున ఆడేవాడు శకుని అన్నప్పుడు, ఒకరి కోసం మరొకరు ఆడటం సమం కాదని ధర్మరాజు అభ్యంతరం చెబుతాడు. ఆ అభ్యంతరాన్ని ఎవరూ విచారించలేదు. విచారించవలసినవాడు ధృతరాష్ట్రుడు. సభ కట్టించినవాడూ, పిలవనంపినవాడూ, గెలిచేవాడి తండ్రీ ఆయనే. నిర్వాహకుడూ, లబ్ధిదారూ, న్యాయాధిపతీ ఒకే ఇంటివాళ్ళైనచోట అభ్యంతరాలు గాలిలో కలిసిపోతవి. శకుని పాచికలు తండ్రి ఎముకలతో చేసినవని మన జనం కథ అల్లుకున్నారు. అందులో ఉన్నది మూఢనమ్మకమే కావచ్చు. కాని పాచికలు ఎవరు తెచ్చారన్నదే అసలు ప్రశ్న అని జనానికి తెలుసునని కూడా ఆ కథ చెబుతున్నది. పండితులు మాత్రం వ్యసనాల జాబితాలో ధర్మరాజును ఉదాహరణగా చూపి ఊరుకున్నారు. ధర్మరాజు తప్పు లేదని కాదు. తమ్ముళ్ళనూ, భార్యనూ ఒడ్డినవాడికి తప్పు లేదనటం ఎలా? ఆయన తప్పు ఎత్తి చూపేసరికి ధృతరాష్ట్రుడి తప్పు చాటుకు పోయిందని మాత్రమే నేననేది.

ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్న ప్రాచీనుడు కౌటిల్యుడు. అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడు అనే అధికారి ఉన్నాడు. జూదం ఒకేచోట జరగాలి. పాచికలు అధ్యక్షుడే ఇవ్వాలి. వాటిని మార్చి వేరేవి వాడినవాడికి పన్నెండు పణాల దండన. గెలిచిన సొమ్ములో నూటికి అయిదు రాజుకు. కౌటిల్యుడికి ప్రజలమీద ప్రేమ పొంగి ఈ ఏర్పాటు చేశాడని అనుకోవటానికి వీలులేదు. ఆయన కన్ను ఖజానా మీద ఉన్నది. అయినా ఆడేవాళ్ళిద్దరిలో ఎవరి పాచికలూ పనికిరావన్న సూత్రం మాత్రం అక్కడ స్పష్టంగా ఉన్నది.

మా జిల్లాకే చెందిన ఇంకొక సాక్ష్యం ఉన్నది. తుగ్గలి మండలం ఎర్రగుడి దగ్గర బండలమీద అశోకుడి శాసనాలున్నవి. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలలో మొదటిది సమాజాలను, అంటే వేడుక కోసం జనం గుమిగూడే ఉత్సవాలను, నిషేధిస్తుంది. రాజుకు వాటిలో చాలా దోషాలు కనిపించినవట. అయితే మంచివైన సమాజాలు కూడా కొన్ని ఉన్నవని ఆ శాసనమే ఒప్పుకుంటుంది. ఏవి మంచివి, ఏవి చెడ్డవి అన్న కొలబద్ద మాత్రం అందులో చెక్కలేదు. ఇరవై రెండు వందల ఏళ్ళకు పైబడిన ఆ చిక్కు ఇవాళ్టి శాసనసభలకు కూడా తీరలేదు.

3

ఆధునిక యుగంలో ఈ సమస్య మన దేశంలో మొదట పత్రికల రూపంలో వచ్చింది. 1940ల నుంచి 1950ల నడిమి దాకా బహుమతి పజిళ్ళు దేశమంతటా ఒక జ్వరంలాగా వ్యాపించినవి. గళ్ళు నింపాలి, కూపను కత్తిరించాలి, రుసుము జతచేసి పంపాలి. బహుమతి వేలల్లో, లక్షల్లో ఉండేది. బెంగళూరు నుంచి నడిచిన ఆర్.ఎం.డి.సి. పజిళ్ళు వీటిలో పెద్ద పేరు మోసినవి.

ఈ పజిళ్ళ కీలకం ఎక్కడున్నది? నేను కల్పించి ఒక ఉదాహరణ చెబుతాను. "రైతును నిలబెట్టేది" అని ఆధారం ఇచ్చి, రెండక్షరాల మాటకు చివర 'లం' ఇచ్చారనుకుందాం. పొలం కావచ్చు, బలం కావచ్చు, కాలం కావచ్చు. భాష తెలిసినవాడెవడూ వీటిలో ఒకటి తప్పని అనలేడు. కాని సంపాదకుడు మూసి ఉంచిన కవరులో ఒక్కటే ఉంటుంది. దానితో కలిసినవాడు పండితుడు, కలవనివాడు అజ్ఞాని. ఇలాంటిదే ఒక పోటీ ఇంగ్లండులో కోర్టుకెక్కినప్పుడు, ఇది కనబడని గురికి గుడ్డిగా విసరటమేనని అక్కడి న్యాయమూర్తి తేల్చాడు. మా కుర్రవాడి నెల్లాళ్ళ శ్రమకు ఇంతకంటె మంచి వర్ణన నాకు దొరకలేదు.

పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టం చేసింది. రాష్ట్రాలు కోరితే పార్లమెంటు చేసిన చట్టం అది. కోరిన రాష్ట్రాలలో ఆంధ్ర రాష్ట్రమూ ఉన్నది, హైదరాబాదు రాష్ట్రమూ ఉన్నది. అప్పుడు ఆంధ్ర రాష్ట్ర రాజధాని మా కర్నూలే. నెలకు బహుమతుల మొత్తం వెయ్యి రూపాయలు మించరాదు, ఒక పోటీకి రెండు వేల ఎంట్రీలు మించరాదు, లైసెన్సు తీసుకోవాలి, లెక్కలు రాసి అధికారికి అందజేయాలి. 1957 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఈ పోటీలకు సంబంధించిన రెండు తీర్పులు ఇచ్చింది. నేర్పుమీద గణనీయంగా ఆధారపడే పోటీలకు ఈ చట్టం వర్తించదు. అదృష్టంమీద నడిచేవి జూదాలు గనక వాటికి వ్యాపార స్వేచ్ఛ రక్షణ లేదు అన్నది సారాంశం. జూదం ఎంత చెడ్డదో చూపటానికి న్యాయమూర్తులు ఋగ్వేదందాకా, మహాభారతందాకా వెళ్ళారు.

ఆ తీర్పులు అవసరమైనవేనని నా అభిప్రాయం. పజిళ్ళ జ్వరం దిగింది. కాని అక్కడే మన ఆలోచనకు ఒక గాడి పడింది. నేర్పా, అదృష్టమా? అప్పటినుంచి మన చట్టం, మన చర్చ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ గానుగెద్దులాగా తిరుగుతున్నవి. 1955 చట్టంలో లెక్కలు చూపాలనే సెక్షను ఒకటి ఉన్నదని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. పోటీ నేర్పుదైనా, అదృష్టానిదైనా, లెక్క అందరికీ కనపడాలి గదా? ఆ ప్రశ్న మూలపడింది.

4

1963లో సికింద్రాబాదులో ఒక క్లబ్బుమీద పోలీసులు దాడిచేసి రమ్మీ ఆడుతున్నవాళ్ళను పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారవేయాలో ఎంచుకోవాలి గనక రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని కోర్టు అన్నది. అయితే ఆ తీర్పులోనే మరొక మాట కూడా ఉన్నది. పందెం ఒడ్డి ఆడే ఆటమీద ఇంటి యజమానో, క్లబ్బు యజమానో లాభం తీస్తున్నాడని సాక్ష్యముంటే నేరం నిరూపణ కావచ్చు.

అర్ధ శతాబ్దం తరువాత ఫోనులో రమ్మీ ఆడించే కంపెనీలు పుట్టుకొచ్చినవి. ఈ తీర్పులోని మొదటి సగాన్ని వాళ్ళు జెండాలాగా మోశారు. రెండో సగాన్ని సౌకర్యంగా మరిచిపోయారు. ప్రతి పందెంలోనూ తన భాగం కోసుకునే కంపెనీ, సికింద్రాబాదు తీర్పు అనుమానించిన క్లబ్బు యజమాని కాక మరెవరు?

ప్రభుత్వాలు మేలుకున్నవి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సులు తెచ్చి ఆన్‌లైన్ పందేలను నిషేధించినవి. ఆంధ్రప్రదేశ్ నిషేధంలో నిర్వాహకుడికి మొదటిసారి ఏడాది వరకు జైలు అన్నారు. ఆడి పట్టుబడినవాడికి ఆరు నెలల వరకు అన్నారు. అప్పులపాలై ఇల్లు గుల్లచేసుకున్నవాడు, వాణ్ణి గుల్లచేసినవాడు ఇద్దరూ ఒకే బోనులో నిలబడ్డారు. తేడా కొన్ని నెలలే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టం ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. డబ్బు కట్టి ఆడే ఆటలను నడిపేవాడికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవాడికీ శిక్షే. ఆడినవాడికి మాత్రం శిక్ష లేదు. నిషేధం మంచిదా కాదా అన్న వాదన వేరు. నేరం ఎవరిదన్న విషయంలో మాత్రం ఈ చట్టం పాచికలు వేసినవాడిని వదిలి, పాచికలు తెచ్చినవాడి వైపు వేలు చూపింది.

5

మరి మా కుర్రవాడి సంగతి? వాడు పైసా కట్టలేదు. కనక అది డబ్బు ఆట కాదు. ఈ నిషేధాలేవీ వాడి పోటీని తాకవు. ఉచిత ప్రచార పోటీ అని దాని పేరు.

ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించాలి. నిజంగా వాడేమీ కట్టలేదా? నెల్లాళ్ళ సాయంత్రాలు కట్టాడు. తన వాళ్ళ ఫోను నంబర్లు కట్టాడు. మిరప చేలో వంగి పనిచేసి వచ్చి, రాత్రి అలసటలో కొడుకు మాట కాదనలేక ఆ ఆట దింపుకున్న తల్లి పేరు కట్టాడు. కంపెనీ ఊరూరా మనుషులను పెట్టి ఇంతమందిని చేర్పించాలంటే కూలి ఇవ్వాలి. పోటీ పెడితే కూలి పదిమందికే ఇస్తే చాలు, మిగిలిన వేలమంది ఆశకు పనిచేస్తారు. పజిళ్ళ కాలంలో రుసుము స్టాంపుల రూపంలో పోయేది. ఇప్పుడు శ్రమ రూపంలో పోతున్నది. రుసుము పోలేదు, రూపం మారింది. ఉచితం అన్న మాట ఈ మార్పును కప్పిపెట్టే దుప్పటి.

అమ్మకాలు పెంచుకోవటానికి పెట్టే పోటీలను గురించి మన చట్టాలు మరీ నిద్రపోలేదు. 1984లో గుత్తాధిపత్యాల చట్టానికి చేసిన సవరణలో, సరుకు ప్రచారం కోసం పోటీలు, లాటరీలు, అదృష్టానివైనా నేర్పువైనా ఆటలు నడపటాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చారు. అదృష్టమైనా నేర్పైనా అన్న మాటను గమనించండి. గానుగ గాడినుంచి చట్టం ఒక్కసారి బయటికి వచ్చింది. 2002లో వినియోగదారుల చట్టానికి మరొక సవరణ వచ్చింది: బహుమతుల పథకం ముగిసిన తరువాత తుది ఫలితాలను పాల్గొన్నవాళ్ళకు తెలపకుండా దాచటం అనుచిత వ్యాపార పద్ధతి. 2019 చట్టంలో కూడా ఈ రెండు నిబంధనలూ ఉన్నవి. పథకాన్ని ఏ పత్రికలో ప్రకటించారో అదే పత్రికలో ఫలితాలను ప్రముఖంగా ప్రకటించాలని వివరణ కూడా ఉన్నది.

చుక్కలు పెట్టిన పేర్లు ఫలితాలవుతవా? అదే చోట, అదే ప్రముఖంగా, అన్న మాట ఫోను తెరమీద పోటీకి ఎలా వర్తిస్తుంది? సరుకు కొన్నవాడే వినియోగదారుడైతే, ఏమీ కొనకుండా శ్రమ మాత్రమే ఇచ్చినవాడు ఎవరు? ఈ ప్రశ్నలు మన కళాశాలల్లో, మన సభల్లో చర్చకు రావలసినవి. చట్టం ఉన్నది, దాన్ని పట్టుకుని అడిగే నోరు లేదు.

6

పోటీ పెట్టినవాడు తప్పు చేయడా అంటే, ప్రపంచంలో దాఖలాలు కావలసినన్ని ఉన్నవి. 1992లో ఫిలిప్పీన్స్‌లో పెప్సీ సీసాల మూతల కింద అంకెలు ముద్రించి, గెలిచిన అంకెకు పదిలక్షల పెసోల దాకా ఇస్తామన్నారు. మే 25న 349 అనే అంకెను ప్రకటించారు. తీరా చూస్తే ఆ అంకె గల మూతలు లక్షల సంఖ్యలో జనం దగ్గరున్నవి. కంప్యూటరు పొరపాటన్నది కంపెనీ. తలా 500 పెసోలు చేతిలో పెట్టి సర్దిచెప్పబోయింది. అల్లర్లు చెలరేగి ప్రాణాలు కూడా పోయినవి. చివరికి 2006లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీకి బాధ్యత లేదని తేల్చింది. మూత దాచుకున్న పేదవాడు ఆశపోతు, యంత్రం నిర్దోషి.

యంత్రం నిజంగా నిర్దోషేనా? అమెరికాలో చాలా రాష్ట్రాల లాటరీలకు కంప్యూటర్లు సమకూర్చే సంస్థలో ఎడ్డీ టిప్టన్ అనేవాడు సమాచార భద్రతకు అధిపతి. అంకెలు ఎంచే యంత్రంలో తానే రహస్యంగా కొన్ని వాక్యాలు రాశాడు. ఏడాదిలో కొన్ని నిర్దిష్టమైన రోజుల్లో ఏ అంకెలు వస్తవో ముందే పసికట్టటానికి వీలు కల్పించే వాక్యాలవి. 2010 డిసెంబరులో ఒక కోటి 65 లక్షల డాలర్ల బహుమతి మీద చేయి వేయబోయాడు. 2015లో నేరం రుజువైంది, 2017లో ఇరవై అయిదేళ్ళ వరకు శిక్ష పడింది. కంచె చేను మేయటమంటే ఇదే. కాని ఇందులో ఒక గుణపాఠం ఉన్నది: యంత్రమంటే దైవం కాదు, ఎవరో ఒకరు రాసిన వాక్యాలు. వాక్యాలు రాసినవాడున్నాడంటే బాధ్యుడున్నాడన్నమాటే.

దక్షిణ కొరియా ఆటగాళ్ళ అనుభవం మనకు ధైర్యమిస్తుంది. అక్కడ నెక్సాన్ అనే కంపెనీ మేపుల్‌స్టోరీ అనే ఆటలో క్యూబులనే వస్తువులు అమ్మేది. డబ్బిచ్చి కొంటే ఆయుధానికి కొత్త శక్తులు వస్తవి; ఏ శక్తి వస్తుందన్నది అదృష్టం. అందరూ కోరే శక్తులు వచ్చే అవకాశాన్ని కంపెనీ 2010 నుంచి చెప్పకుండా తగ్గించింది. కొన్ని జోడింపులు అసలు రాకుండానే చేసింది. రానివాడు తన రాతను తిట్టుకున్నాడు. కాని ఆటగాళ్ళు ఊరుకోలేదు. 2021లో తమలో తాము చందాలు వేసుకుని, నినాదాల తెరలు కట్టిన ట్రక్కులను ఆట కంపెనీల ఆఫీసుల ముందు నిలబెట్టారు. 2024 జనవరిలో అక్కడి వాణిజ్య కమిషను ఆ కంపెనీకి 1,160 కోట్ల వాన్‌లకు పైగా జరిమానా వేసింది. అదే ఏడాది మార్చి నుంచి అవకాశాల లెక్కలను ప్రకటించి తీరాలని చట్టం అమలులోకి వచ్చింది. నేర్పా, అదృష్టమా అని వాళ్ళు తగాదా పడలేదు. అదృష్టమే అయితే దాని లెక్క చూపండి అన్నారు. ప్రశ్న మారగానే నేరస్థుడు మారాడు.

7

నా మీద ఒక అభ్యంతరం రావచ్చు. ఆటగాళ్ళలో మోసగాళ్ళు లేరా? యంత్రాలతో వేల దొంగ ఖాతాలు పుట్టించేవాళ్ళు, ఓట్లు గుమ్మరించేవాళ్ళు లేరా? ఉన్నారు. వాళ్ళు చేసే అన్యాయం మొదట తగిలేది నిజాయితీగా ఆడే సాటి ఆటగాడికి. వాళ్ళను ఏరివేయటం నిర్వాహకుడి హక్కు మాత్రమే కాదు, విధి. నా వాదం దొంగను వదిలెయ్యమని కాదు. దొంగ అని ముద్ర వేసేముందు ఏం దొంగిలించాడో చెప్పమని.

మా కుర్రవాడి విషయంలో ఏం జరిగివుంటుందో తరువాత ఒక కంప్యూటరు మేష్టారు నాకు వివరించాడు. ఒకే ఫోనునుంచి, ఒకే హాట్‌స్పాటు నుంచి చాలా ఖాతాలు తెరుచుకుంటే, అవన్నీ ఒకే మనిషి పుట్టించిన దొంగ ఖాతాలని యంత్రం భావిస్తుందట. పట్నంలో ఆ ఊహ చాలా మటుకు నిజం కావచ్చు; అక్కడ మనిషికొక ఫోను. మా ఊళ్ళో అయిదారు ఇళ్ళకు ఒక ఫోను. సుగ్గి గుడిసెల దగ్గర ఇరవై మంది కూలివాళ్ళు ఒక్క హాట్‌స్పాటు కింద కూర్చుంటారు. వాళ్ళంతా నిజమైన మనుషులు, వేరువేరు పేర్లవాళ్ళు, వేరువేరు అలసటలవాళ్ళు. యంత్రానికి మాత్రం వాళ్ళు ఒక్కడే, వాడూ దొంగే.

మావాడిని తీసివేయటానికి ఇదే కారణమని నేను రుజువు చేయలేను. అదే నా ఫిర్యాదు కూడా. రుజువు చేసే కాగితాలన్నీ కంపెనీ దగ్గరే ఉన్నవి. ఒక మనిషికి ఒకే ఫోను అన్న నియమం చూడటానికి అందరికీ సమానంగా ఉంటుంది. కాని సమానమైన నియమం అసమానమైన సమాజంమీద పడినప్పుడు సమానంగా పడదు. బీదతనమే అనుమానించదగిన ప్రవర్తన అయి కూర్చుంటుంది. దీన్ని ఎవరో కుట్రపన్ని చేశారని నేననను. నియమం రాసినవాడికి మా ఊరు తెలియదు, అంతే. తెలియకపోవటం నేరం కాకపోవచ్చు. తెలుసుకోవటానికి, అభ్యంతరం వినటానికి ఒక తలుపు కూడా ఉంచకపోవటం మాత్రం తప్పు.

మనం అడగవలసినవి పెద్ద కోరికలు కావు. నియమాలు ముందే పూర్తిగా, తెలుగులో కూడా చెప్పాలి, మధ్యలో మార్చరాదు. పట్టిక చివరిదాకా అందరికీ కనిపించాలి. తొలగిస్తే కారణం చెప్పాలి, అభ్యంతరం వినే మనిషి ఉండాలి. ఎన్ని బహుమతులు ప్రకటించారో అన్నీ ఇచ్చినట్లు లెక్క ప్రచురించాలి. ఆ లెక్కను నిర్వాహకుడు కానివాడు తనిఖీ చేయాలి. మా తిరునాళ్ళలో బండ లాగుడు పెట్టే పెద్దలు ఈ పనులు చాలావరకు చేస్తున్నారు. వాళ్ళకు చట్టం తెలియదు. వెయ్యిమంది చుట్టూ నిలబడి చూస్తున్నారన్న సంగతి మాత్రం తెలుసు.

ఆ కుర్రవాడు ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నాడు. వాడితో మొదటి రోజు నేనన్న మాటను వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. తరువాత ఇద్దరం కూర్చుని వినియోగదారుల కమిషనుకు ఒక అర్జీ రాశాము. ఫోను ఇప్పించమని అందులో అడగలేదు. తుది ఫలితాలు ప్రకటించమనీ, తొలగించిన కారణం చెప్పమనీ అడిగాము. అర్జీ నిలుస్తుందా లేదా అన్నది వేరే సంగతి. ఊళ్ళో దాన్ని గుడి అరుగు మీద చదివి వినిపించినప్పుడు, వాణ్ణి తప్పుపట్టిన పిల్లలలోనే తొమ్మిదిమంది తాము కూడా సంతకం పెడతామన్నారు.

పాచికలు ఎవరివి అని ధర్మరాజు పక్షాన ఆ సభలో ఒక్కడు గట్టిగా అడిగివుంటే ఏం జరిగేదో మనకు తెలియదు. మా ఊళ్ళో పదిమంది అడుగుతున్నారు.